నిలువు చెట్లు, అడ్డం నేత: ఒక టాపెస్ట్రీ కేస్ స్టడీ

ఈ కేసు రాసుకోవడానికి ఒప్పుకున్నవారు కోరింది ఒక్కటే: తానెవరో, ఆ నేత ఇప్పుడు ఎవరి గోడ మీద ఉందో తెలియకూడదని. అందుకే ఆ వివరాలు వదిలేశాను. కొలతలు మాత్రం మార్చలేదు, కథంతా వాటి మీదే నడిచింది కాబట్టి.

పూర్వరంగం

ఆమె ఇరవై ఏళ్లుగా ఎంబ్రాయిడరీ చేస్తున్నారు. అచ్చు బట్టలకు డిజైన్లు గీసిన అనుభవమూ ఉంది. కాడ కుట్టుతో ఆమె వేసిన ఆకు ఈనెను భూతద్దం పెట్టి చూసినా కుట్టుకూ కుట్టుకూ పొడవులో తేడా దొరకదు. టాపెస్ట్రీ మొదలుపెట్టి రెండేళ్లయింది. చిన్న ముక్కలు ఐదారు నేశాక మొదటి పెద్ద పని ఒప్పుకున్నారు. వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు 140. బొమ్మ ఆమె గీసిందే: సాయంకాలపు వెలుగులో నిటారుగా నిలబడ్డ ఏడు సన్నని చెట్టు మానులు, వాటి మధ్య ఊదాలోకి జారుతున్న నీలం, కింద కొంచెం నేల.

ఎంబ్రాయిడరీని కూడా టాపెస్ట్రీ అనేయడం మామూలే. బాయూ టాపెస్ట్రీ అని ప్రపంచమంతా పిలిచే 11వ శతాబ్దపు పట్టీ నిజానికి అవిసె నార బట్ట మీద ఊలుతో చేసిన కుట్టుపని. దాదాపు 70 మీటర్ల పొడవున ఎక్కడా నేసిన బొమ్మ ఒక్కటీ లేదు. పేర్ల పట్టింపు నాకు లేదు కానీ ఆ తేడా ఈ కేసుకు ఆయువుపట్టు. ఎంబ్రాయిడరీలో బట్ట ముందే ఉంటుంది, దాని మీద బొమ్మ కూర్చుంటుంది. టాపెస్ట్రీలో బట్టా బొమ్మా ఒకే వరుసలో పుడతాయి. పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, మగ్గం మీద బిగిసి ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా నడిచే రంగు దారం, అంటే పేక, ఈ అంచు నుంచి ఆ అంచుకు పోదు. తన రంగు అవసరమైనంత మేర వెళ్లి, అక్కడే వెనక్కి తిరుగుతుంది. దువ్వెనతో దట్టిస్తే పడుగు పూర్తిగా కప్పుకుపోయి పేక మాత్రమే కనిపిస్తుంది. అంటే బొమ్మలో ఒక గీత మార్చినప్పుడల్లా బట్ట నిర్మాణం మారుతుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, శిష్యులకు మొదటి పాఠంలోనే చెబుతాను. అయినా ఈ కేసులో నేను దాన్ని మూడు వారాలు మరిచిపోయాను.

ఆమె తెచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేనాటికి 43 సెంటీమీటర్ల ఎత్తు నేశారు. పడుగు నూలుది, సెంటీమీటరుకు మూడు పోగులు. పేక ఊలు. నేతను మగ్గంతో సహా బండిలో వేసుకుని తీసుకొచ్చారు.

ఫిర్యాదులు మూడు. ఒకటి, 90 ఉండాల్సిన వెడల్పు 84కు వచ్చింది. రెండు, మానుల పక్కన రెండు రంగులు కలిసే చోట పడ్డ చీలికలు వికారంగా నోళ్లు తెరుస్తుంటే ఎప్పటికప్పుడు కుట్టుకుంటూ వచ్చారు, ఆ కుట్లున్న చోటల్లా ముడుతలు. మూడు, దగ్గర నుంచి ముదురు గోధుమ రంగులో కళకళలాడే మానులు నాలుగు మీటర్ల దూరం నుంచి బూడిద పూసినట్టు కనిపిస్తున్నాయి.

కారణం కూడా ఆమే చెప్పేశారు: “నా చెయ్యి బిగువండీ. కుట్టుపని చేసిన చెయ్యి కదా, దారం లాగకుండా ఉండలేదు.”

అప్పటికే అంచులకు దారాలు కట్టి, మగ్గం పక్క కమ్మీలకు లాగి బిగించి చూశారు. కట్టిన చోట అంచు బయటికి వచ్చింది, కట్టుకూ కట్టుకూ మధ్య లోపలికే పోయింది. మొత్తం అంచు నెలవంకలు వరుసగా పేర్చినట్టు తయారైంది. బలవంతంగా లాగితే అంచు దారికి రాదు. పేకలో పొడవు చాలనప్పుడు ఎంత లాగినా అది ఎక్కడినుంచో అరువు తెచ్చుకోవాల్సిందే.

నా మొదటి వైద్యం, అది చేసిన చెడు

వెడల్పు తగ్గిందనగానే ప్రతి నేతగురువూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను: పేకను ఎలా వేస్తున్నారు? పేక పడుగు పోగుల కిందా మీదా వంకర్లు తిరుగుతూ పోవాలి కాబట్టి దానికి ఆ వెడల్పు కంటే కొంత ఎక్కువ పొడవు కావాలి. అందుకే దాన్ని తిన్నగా వేయకుండా చిన్న గుట్టలా వంచి వేసి, ఆ తరవాత దట్టించాలి. గుట్ట చాలకపోతే అంచులు లోపలికి పోతాయి, ఎక్కువైతే బట్ట ఉబ్బుతుంది. ఆమె గుట్టలు నిజంగానే చప్పగా ఉన్నాయి. రోగం దొరికిందనుకున్నాను.

గుట్ట ఎత్తు పెంచి ఆరు సెంటీమీటర్లు నేయమన్నాను. నేశారు. వెడల్పు 84 దగ్గర ఆగింది, ఇంకా తగ్గలేదు. నాకు సంతోషమైంది. ఆమె మాత్రం ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని నేత మీద అడ్డంగా రాయించారు. అరచేతికి ఒక్కొక్క మానూ పక్కటెముకలా తగిలింది. అంచు ఆగింది, నడుమ లేచింది.

నాలుగు సెంటీమీటర్ల వెడల్పు మానులో ఉండేవి పన్నెండు పోగులు. అంత ఇరుకు చోట పెద్ద గుట్ట వేస్తే మిగులు పేకకు పోయే దారి లేక పైకి లేస్తుంది. వెడల్పాటి నేపథ్యానికి సరిపడే మందును ఇరుకు మానులకూ అదే మోతాదులో ఇచ్చాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. వెడల్పు తగ్గడం ఆగిందే తప్ప, అసలు ఎందుకు తగ్గిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఆమె తెచ్చిన కారణాన్ని పరీక్షించకుండా నా కారణం చేసుకున్నాను.

టేపు చెప్పిన సంగతి

మొదటి రోజు నేను కొలిచింది పైఅంచు ఒక్కటే. ఈసారి కింది నుంచి మొదలుపెట్టి ప్రతి ఐదు సెంటీమీటర్లకూ కొలిచాను. కింద నేల భాగం 12 సెంటీమీటర్లు. అందులో అన్నీ అడ్డ చారలే, ఒక్క మానూ లేదు. అక్కడ వెడల్పు 89.6. అదే చెయ్యి, అదే ఊలు, అవే చప్పటి గుట్టలు, అయినా లోటు నాలుగు మిల్లీమీటర్లే. మానులు మొదలైన దగ్గర్నుంచి జారుడు మొదలైంది.

చెయ్యి బిగువైతే నేల భాగంలోనూ బిగువే కావాలి కదా.

చిన్న కత్తెరతో ఒక మాను పక్క చీలిక కుట్లు తెంపాను. నాలుగో కుట్టు తెగగానే రెండు అంచులూ పెదవుల్లా విడిపోయాయి. స్కేలు పెడితే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. ఇద్దరం ఒకేసారి లెక్క వేసుకున్నామనుకుంటాను. ఏడు మానులు, మానుకు రెండు అంచులు, మొత్తం పద్నాలుగు చీలికలు. పద్నాలుగు నాలుగులు యాభై ఆరు మిల్లీమీటర్లు. 89.6 నుంచి 5.6 తీసేస్తే 84.

జరిగింది ఇది. రెండు రంగుల సరిహద్దు పడుగు పోగు వెంట నిలువుగా నడిస్తే, ఈ రంగు పేక ఇటు, ఆ రంగు పేక అటు తిరిగిపోతాయి. మధ్యలో రెంటినీ కలిపేది ఏదీ ఉండదు, కాబట్టి అక్కడ చీలిక పడుతుంది. తిరిగే ప్రతిసారీ పేక తన చివరి పోగును కొద్దిగా తనవైపు లాక్కుంటుంది. ఒక్కో తిరుగుడు లాగేది కంటికి కనిపించనంత. అది వందల వరుసల్లో పేరుకుంటే నాలుగు మిల్లీమీటర్లయింది. చీలికల్ని వదిలేసి ఉంటే ఆ లోటు వాటిలోనే దాగి ఉండేది. ఆమె వాటిని కుట్టేశారు, అదీ కుట్టుపని చేసినవారి శ్రద్ధతో, సందు లేకుండా బిగించి. దాంతో పద్నాలుగు చోట్ల లోటూ కలిసి అంచులకు చేరింది. చెయ్యి పాత్ర లేదనను. కానీ ఆ బొమ్మను ఆ దిశలో ఎవరు నేసినా, ఎంత వదులు చేత్తో నేసినా, ఇంతో అంతో ఇదే జరిగేది.

ఏది వద్దనుకున్నాం, ఎందుకు

చీలిక దానంతటది దోషం కాదు. చైనా పట్టు టాపెస్ట్రీ కెస్సి పేరుకు అర్థమే ‘కోసిన పట్టు’. రంగుల సరిహద్దుల్లోని సందులు వెలుగుకు పట్టి చూస్తే కత్తితో గీసినట్టు కనిపిస్తాయి. పోగులు అంత సన్నగా ఉన్నప్పుడు సందూ వెంట్రుకంతే. కిలీమ్ తివాచీలు నేసేవారు చీలికను పొడవుగా సాగనివ్వరు, కొన్ని వరుసలకోసారి ఒక పోగు పక్కకు జరుపుతారు. వాటిలో మెట్లుమెట్లుగా, ఏటవాలుగా సాగే ఆకారాలు అంతగా కనిపించడానికి అదొక కారణం. ఈ ఉపాయం ఆమెకు చెప్పాను. మానుల అంచుల్ని కాస్త మెట్లు మెట్లుగా వంకర తిప్పితే పని తేలికవుతుంది. “అప్పుడవి మానులు కావండీ, తాడులు” అన్నారు. ఆ నిటారుతనమే ఆ బొమ్మకు ప్రాణం, ఆమె మాటే సరైనది.

ఇక మిగిలింది సరిహద్దుల్ని నేతలోనే కలపడం. ఈసారి అసలు నేతను ముట్టుకోలేదు. 20 సెంటీమీటర్ల వెడల్పు పడుగు వేసి, రెండు మానులతో నమూనా చేశాం. రెండు రంగులూ ఒకే పోగును పంచుకునే పద్ధతిలో ఆ పోగు మీద రెట్టింపు పేక చేరి, అక్కడ గట్టు లేచింది. మాను అంచు రంపం పళ్లలా చెదిరింది. రెండు పేకలూ పోగుల మధ్య కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకునే పద్ధతిలో అంచు శుభ్రంగానే వచ్చింది, చీలికా లేదు. కానీ అసలు నేతలో అయితే ప్రతి వరుసలో పద్నాలుగు ముడివేతలు. ఆమె గడియారం పెట్టుకుని నేశారు, వేగం సగానికి సగం పడిపోయింది. పని ఆలస్యమైనా ఫరవాలేదు అందామంటే, అన్ని ముడివేతల్లో ఎక్కడ ఒకటి బిగిసినా మళ్లీ వెడల్పులో తేడా వస్తుంది. రోగాన్ని వేరే చోటికి బదిలీ చేయడమే అది.

మలుపు

యూరప్‌లో మధ్యయుగాల నుంచీ పెద్ద గోడ టాపెస్ట్రీలను ఎక్కువగా పక్కకు తిప్పి నేశారు. మనుషులు, చెట్లు, స్తంభాలు అన్నీ మగ్గం మీద పడుకుని పుట్టేవి. నేత పూర్తయ్యాక పావు చుట్టు తిప్పి వేలాడదీసేవారు. అలాంటి పాత టాపెస్ట్రీని దగ్గర నుంచి చూస్తే పడుగు గట్లు పైనుంచి కిందికి కాక అడ్డంగా కనిపిస్తాయి. మగ్గం వెడల్పుకు లోబడకుండా బొమ్మను ఎంత పొడవైనా సాగదీసుకోవచ్చన్నది ఒక లాభం. మాకు కావలసింది రెండో లాభం: బొమ్మలోని నిలువు గీత నేతలో పేక వరుస అవుతుంది. మాను అంచు ఇక చీలిక కాదు, ఒక రంగు పేక ఆగి ఇంకో రంగు పేక మొదలయ్యే చోటు, అంతే. ఒక్క వరుస మందంతో బెరడు గీత కూడా వేయవచ్చు. నిలువు నేతలో అది అసాధ్యమని కాదు కానీ, పోగుకు దారం చుట్టి తెప్పించాలి.

ఇది నాకు మొదటి రోజే తట్టాల్సింది. ఆ చిత్రాన్ని చేతిలో పట్టుకుని, పడుగు ఏ దిక్కున పోతుందని అడిగి ఉంటే చాలు.

ఖర్చు చిన్నది కాదు. 49 సెంటీమీటర్ల నేత, ఐదు వారాల పని, కత్తిరించి పక్కన పెట్టాలి. ఆమె మగ్గం మీద 120కి మించి నేయలేరు, ఇప్పుడు కావలసింది 140. నా దగ్గరున్న వెడల్పాటి మగ్గం ఇచ్చాను. 270 పోగుల చోట 420 పోగులు కట్టాలి. ఆమె ఆ సాయంత్రం ఏమీ తేల్చలేదు. మర్నాడు వచ్చి తానే కత్తెర అడిగారు. బాగా కుదిరిన కింది 12 సెంటీమీటర్లను విడిగా అంచు కట్టి దాచుకున్నారు.

తిప్పితే తీరేవి తీరతాయి, కొత్తవి పుడతాయి. నేల అంచు గీత ఇప్పుడు పడుగు వెంట నడుస్తోంది, అంటే చీలికలు అక్కడికి మారాయి. ఈసారి మానులను నేల మీదుగా కింది అంచు దాకా దించాం. లెక్క వేసి చూశాం. ఏడు మానుల మధ్య, పక్కల ఖాళీలు ఎనిమిది. కాబట్టి చీలికలు ఎనిమిది, ఒక్కొక్కటి సగటున ఏడెనిమిది సెంటీమీటర్లు. పాత దిశలో నిలువెత్తు సాగే పద్నాలుగు చీలికలతో పోలిస్తే ఇవెంత? పైగా నేల గీతను దాటి పోయే ప్రతి మానూ అక్కడ బట్టను అటూ ఇటూ కలిపి పట్టుకుంటుంది. ఆ ఎనిమిది చోట్లా కూడా రెండు రంగుల్ని దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి కొంత దూరం పోనిచ్చాం. చీలికలు ముక్కలు ముక్కలయ్యాయి, నేల మీద వెలుగు పాకుతున్నట్టు కూడా వచ్చింది. ఇందులో రెండోది మా ప్రణాళికలో లేనిది.

మగ్గం నుంచి దింపాక నేత కొంత కుంచించుకుంటుంది. ఎంతో నమూనా ముక్క చెప్పింది కాబట్టి 90 కావలసిన దిక్కున 91.5 నేశాం. దింపి రెండు రోజులు పరిచి ఉంచాక 90.2 వచ్చింది. చిత్రం పైభాగంలో ఒక మూల స్వల్పంగా అల తిరిగింది. ఆవిరి పట్టినా పూర్తిగా పోలేదు. దానికి నా దగ్గర మందు లేదు.

బూడిద రంగు మానులు

రంగు విషయంలోనూ నేను మొదట పక్కదారే పట్టాను. ఊలు రంగు పలచబడిందేమోనని ఇంకా ముదురు గోధుమ తెప్పించి చిన్న ముక్క నేయించాను. దూరం నుంచి అదే బూడిద.

పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగానికి 1824లో రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్ అధిపతిగా వచ్చారు. ఆయన ముందుకొచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి: నీలం, ఊదా బట్టల మడతల్లో నీడకు వాడిన నలుపు వెలవెలబోతోందని. ఆయన ఆ నల్ల ఊలును ఇతర చోట్ల అద్దిన నలుపుతో పోల్చి చూశారు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలం తన వ్యతిరేక వర్ణపు ఛాయను నలుపు మీద పరుస్తోంది. రంగుల పరస్పర ప్రభావంపై ఆయన 1839లో ప్రచురించిన సిద్ధాంతానికి బీజం ఆ ఫిర్యాదే.

ఆమె మానుల నీడ వైపు వాడింది నలుపే. దాని పొరుగున ఉన్నది నీలం, ఊదా. తెల్ల కాగితానికి రెండు చిన్న రంధ్రాలు చేసి నేత మీద పెట్టాం. ఒక రంధ్రంలోంచి నలుపు ఒక్కటే కనిపించింది, చక్కటి చిక్కటి నలుపు. కాగితం తీయగానే అది తుప్పు పట్టింది. ఆమె నాలుగైదుసార్లు పెట్టి తీసి చూశారు. ఒకే దారం, ఒకే వెలుతురు. నలుపు కండెలోని పోగుల్లో ఒకటి తీసి దాని చోట చిక్కటి నీలం పోగు కలిపాక, ఆ నలుపు నీలం పక్కన మళ్లీ నలుపులా నిలబడింది.

మాను నడిభాగపు బూడిదకు కారణం వేరు. ఒక్కో కండెలో నాలుగు సన్నని పోగులు కలిపి వాడుతున్నారు: రెండు గోధుమ, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా. ఎంబ్రాయిడరీలో ఇలాంటి మెరుపు పోగులు దగ్గర నుంచి చూసేవారి కోసం. నాలుగు మీటర్ల నుంచి కన్ను వాటిని విడదీయలేదు, కలిపేసుకుంటుంది. ఒకదానికొకటి ఎదురు నిలిచే రంగులు అలా కలిస్తే మిగిలేది బూడిదే. ఆకుపచ్చ, ఊదా తీసేసి, గోధుమకే మూడు ఛాయలు తీసుకున్నాం. తర్వాత నేతను ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే ఇంకొకటి బయటపడింది. మానూ, మధ్య ఖాళీ ఒకే మసకలో ఉన్నాయి, రంగు పేరు మార్చినంత మాత్రాన అవి విడిపోవు. ఖాళీల నీలాన్ని రెండు మెట్లు లేతగా మార్చాక మానులు ముందుకొచ్చాయి. అప్పటి నుంచి నా నేతశాలలో కండె చుట్టేముందు నాలుగు రంగుల్ని అట్టముక్క మీద చుట్టి, గదికి అవతలి గోడకు గుచ్చి చూడటం తప్పనిసరి చేశాను. కొందరికి ఇది చాదస్తం అనిపిస్తోందని తెలుసు.

వేలాడదీశాక

తిప్పి నేసిన టాపెస్ట్రీ గోడ మీద తన బరువును పేక మీద మోస్తుంది, గట్టి నూలు పడుగు మీద కాదు. నేల గీత దగ్గరి చీలికలు ఇప్పుడు అడ్డంగా ఉన్నాయి, కింది భాగపు బరువు వాటిని తెరవాలని చూస్తుంది. కాబట్టి ఈసారి చీలికల్ని కుట్టడం తప్పదు, కానీ బిగించి కాదు. వంపు సూదితో, మగ్గం మీద నేత బిగువుగా ఉండగానే, అంచులు ఒకదాన్నొకటి తాకేంత వరకే. ఆమె చేతికి పని దొరికింది అక్కడే. పైఅంచున వెడల్పు పట్టీ కుట్టి, బరువు అంచు పొడవునా సమంగా పడేలా వేలాడదీశాం.

మూడు నెలల తర్వాత ఆమె ఫోను చేశారు. మూడో చీలిక రెండు మిల్లీమీటర్లు జారిందని, తానే విప్పి మళ్లీ కుట్టేశానని. ఎలా కుట్టారని అడిగాను. నేను చూపించినట్టు చివరి పోగును ఒక్కదాన్నే పట్టుకోకుండా, ఒక కుట్టు చివరి పోగు మీద, ఇంకో కుట్టు దాని వెనకాల పోగు మీద మార్చి మార్చి వేశారట. ఒకే పోగు మీద బరువంతా పడితే అది పక్కకు జరిగి జారుతోందని చెప్పారు. ఆ కుట్టు నేను నేర్పింది కాదు. మిగతా ఏడూ కూడా అలాగే కుట్టమని అడిగితే, అప్పటికే కుట్టేశానన్నారు.